ఒకసారి వంగి డోర్ కింద చూడండి

వేదిక మీది పెద్దలకు, పూజకు వచ్చిన మేస్త్రీలకు, ఐటీఐ పిల్లలకు నమస్కారం. ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు మన కడప షెడ్ల వాళ్లమంతా ఇలా కలుస్తాం. ఈసారి వెల్డింగ్‌లో జాగ్రత్తల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నల్లద్దాలు, తోలు గ్లౌజులు, పక్కన ఇసుక బకెట్... ఇవన్నీ మీకు తెలిసినవే. నేను రాక్ స్లైడర్ల గురించి చెప్తాను, అంటే రాళ్లకు తగిలినా బండి నడుము దెబ్బతినకుండా డోర్ల కింద పొడవునా కొట్టే ఇనుప పైపులు. ఇరవై ఏళ్లుగా మనసులో ఉన్న మాట ఇది.

థార్ జీపు కొన్న ప్రతి కుర్రాడూ షెడ్డుకొచ్చి "అన్నా, డోర్ల కింద పైపులు కొట్టు" అంటున్నాడు. ఫుట్‌స్టెప్పు వేరు, స్లైడర్ వేరు నాయనా. ఫుట్‌స్టెప్పు మనిషి బరువు మోస్తే చాలు. స్లైడర్ బండి బరువే మోయాలి.

మన ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు గని దారులు చూశారు కదా. నాపరాయి పొరలు పొరలుగా విడిపోతుంది. అందుకే ఆ దారిలో మెట్లు మెట్లుగా ఉంటుంది, మెట్టు అంచు గొడ్డలిలా ఉంటుంది. ముందు చక్రం దిగిపోతుంది, వెనక చక్రం ఇంకా పైనే ఉంటుంది, బండి నడుము ఆ అంచు మీద కూర్చుంటుంది. అక్కడున్నది డోర్ కింది పలచని రేకు, అంతే.

ఒక గని ఆసామి పాత జీపు తెచ్చాడు. స్లైడర్లను ఛాసిస్‌కు, అంటే బండి అడుగున బరువు మోసే ఇనుప చట్రానికి, వెల్డింగ్ కొట్టాలంటే రెండు రోజులు పడుతుందన్నాను. "అంత టైం లేదు, రేకుకే కొట్టేయ్" అన్నాడు. తప్పని తెలిసీ కొట్టాను. ఆ వానాకాలంలోనే జీపు మెట్టు మీద కూర్చుంది. పైపు రేకును లోపలికి నెట్టేసింది, ముందు డోర్ బిగుసుకుపోయింది. కూలీలు వెనక నుంచి దూకారు. ముందు సీట్లో ఉన్న పెద్దామెను కిటికీలోంచి లాగారు. దేవుడి దయ, దెబ్బలు తగల్లేదు. గడ్డపార తీసుకుని నేనూ వెళ్లాను. వంగి చూస్తే నా అతుకు చెక్కుచెదరలేదు. దాని చుట్టూ ఉన్న రేకు కాగితంలా చిరిగి, అతుకుతో పాటే ఊడి వేలాడుతోంది. ఆమె బండ మీద కూర్చుని, "నాయనా, నువ్వే కొట్టినావా ఇది?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేమీ అనలేదామె. అదే నన్ను ఇప్పటికీ కోస్తుంది.

పిల్లలూ, రాసుకోండి. థార్, బొలెరో లాంటి బండ్లలో బాడీ రబ్బరు బుష్‌ల మీద కూర్చుని ఉంటుంది, బరువంతా ఛాసిస్‌ది. స్లైడర్ కాళ్లు, అంటే పైపును బండికి కలిపే అడ్డ ముక్కలు, ఛాసిస్‌కే అతకాలి. బాడీకీ పైపుకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. విడిగా ఛాసిస్ లేని కార్లకు ఈ పద్ధతి పనికిరాదు, ఒప్పుకోవద్దు.

ఒకటిన్నర అంగుళం సి క్లాసు పైపు తీసుకోండి, ఎర్ర పట్టీ ఉంటుంది, గోడ మందం 4 మిల్లీమీటర్లు. నీలం పట్టీది బి క్లాసు, అది పలచన, వద్దు. జింక్ పూత ఉన్న జీఐ పైపు అసలే వద్దు, ఆ జింక్ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది. పక్కకు మూడేసి కాళ్లు. కాలు చివర 5 మిల్లీమీటర్ల ప్లేటు, పేకముక్కలో డైమండ్‌లా కోసింది. ఎందుకంటే ఛాసిస్‌కు అడ్డంగా నిలువు గీతలా అతుకు పడితే పగులు అక్కడే మొదలవుతుంది. 7018 వెల్డింగ్ రాడ్డును బాగా వేడిచేసి చెమ్మ పోగొట్టి వాడండి, చెమ్మ తగిలితే అతుకు పగులుతుంది. అంతకంటే ముందు బ్యాటరీ తీగ విప్పండి. ఛాసిస్ వెంట పోయే డీజిల్ పైపు, బ్రేక్ పైపు చేత్తో తడిమి చూసుకోండి. జాగ్రత్తలు చెప్పమన్నారు కదా, ఇదీ జాగ్రత్తే.

ఇంకో మాట. బండి ముందు బుల్ బార్లు, అంటే బంపర్‌కు అడ్డంగా ఇనుప కమ్మీలు, బిగించే వాళ్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. స్లైడర్లయినా ముందుగా ఆర్టీఓ ఆఫీసులో అడిగే చేయించండి.

టైం అయిందని సైగ చేస్తున్నారు. ఒక్క నిమిషమన్నా. నా బొలెరో గేటు బయటే ఉంది. భోజనాలకు ముందు అందరూ రండి. స్లైడర్ కింద జాకీ పెట్టి, ఆ పక్క రెండు చక్రాలూ నేల వదిలేదాకా లేపుతాను. అప్పుడు మీరే డోర్ తెరిచి, మూసి చూడండి. తర్వాత మీరు కొట్టిన బండ్లకూ అలాగే జాకీ పెట్టి చూడండి. డోర్ బిగుసుకున్న బండిని నా షెడ్డుకు తోలుకురండి. విప్పి ఛాసిస్‌కు కొడతాను, కూలి తీసుకోను.