స్టీరింగ్ బరువెక్కితే ముందు బానెట్ ఎత్తండి

శ్రోతలందరికీ నమస్కారం.

నిన్నటిదాకా ఒక చేత్తో తిరిగిన స్టీరింగ్ ఈ రోజు రెండు చేతులా తిప్పినా కదలనంటే ఏం చేయాలి, అదీ ఈ పూట మన విషయం. ఏముంది, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలి అంటారు. తీసుకెళ్దాం. కాకపోతే ఆ వెళ్ళేముందు మన గుమ్మం ముందే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, అవి చూడకుండా వెళ్తే జేబుకి చిల్లే.

ముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. పవర్ స్టీరింగ్ పోయిందంటే స్టీరింగ్ పోయినట్టు కాదు. మీ చేతిలో ఉన్న స్టీరింగ్‌కీ ముందు టైర్లకీ మధ్య కడ్డీలు, పళ్ళచక్రాలు ఎక్కడివక్కడే ఉంటాయి, మీకు సాయం పట్టే మోటారో ఆయిల్ పంపో మాత్రమే పని మానేసింది. కారు తిరుగుతుంది, బలం పెట్టాలి అంతే. వేగంగా పోతున్నప్పుడు తేడా అంతగా తెలియదు కూడా, నెమ్మదించి మలుపు తిప్పబోయేటప్పుడే అసలు బరువు తెలుస్తుంది. కాబట్టి కంగారుపడకుండా రెండు చేతులా పట్టుకుని మెల్లగా ఎడమ పక్కకి తెచ్చి ఆపండి.

ఇక మీ కారుకి సాయం చేసేది ఆయిలా, మోటారా? బానెట్ ఎత్తితే తెలుస్తుంది. ఆయిల్ రకమైతే ఇంజిన్ దగ్గర చిన్న డబ్బా, దాని మూత మీద స్టీరింగ్ బొమ్మో పేరో ఉంటుంది. అలాంటి డబ్బా ఎక్కడా కనపడకపోతే ఎలక్ట్రిక్ అనుకోవచ్చు. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లు ఎక్కువగా ఈ ఎలక్ట్రిక్ రకమే. 1988లో జపాన్‌లో సుజుకి వాళ్ళు సెర్వో అనే బుల్లి కారుకి పెట్టడంతో మొదలైంది ఈ పద్ధతి.

ఏ రకమైనా సరే, మొదట ముందు టైర్లలో గాలి చూడండి. నవ్వకండి. గాలి తగ్గిన టైరు నేలకి ఎక్కువ అతుక్కుంటుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, దానికి పవర్ స్టీరింగ్‌ని తిట్టేవాళ్ళని చాలామందినే చూశాను.

సరే, మా పక్కింటి మాస్టారి కారు సంగతి చెప్తాను, నాకిచ్చిన టైమంతా దీనికే పోయినా పర్వాలేదు. ఆయనది ఎలక్ట్రిక్ స్టీరింగ్ ఉన్న పాత చిన్న కారు. పొద్దున్న తాళం తిప్పితే మీటర్ల మధ్య స్టీరింగ్ లైటు వెలుగుతుంది, స్టార్ట్ చేయగానే ఆరిపోతుంది, అది మామూలే, అలాగే ఉండాలి. గేటు దాటి వెనక్కి తీస్తూ స్టీరింగ్ మొత్తం తిప్పగానే మాత్రం లైటు మళ్ళీ వెలిగేది, స్టీరింగ్ బిగుసుకునేది. ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే బాగానే ఉండేది, ఇంకోసారి తిప్పేదాకా. ఒక షెడ్డులో చూపిస్తే స్టీరింగ్ కాలమ్, అంటే స్టీరింగ్‌ని పట్టుకుని ఉండే కడ్డీ మొత్తం, మోటారుతో సహా మార్చాలన్నారట. వాళ్ళు చెప్పిన అంకె వినగానే మాస్టారికి కారు మీద ఆశే పోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, లైటు ఎప్పుడు వెలుగుతోంది? బరువు పడ్డప్పుడు. ఆగిన కారులో స్టీరింగ్ తిప్పితే ఆ మోటారు లాగే కరెంటు మామూలుది కాదు. రెండు హెడ్‌లైట్లూ కలిపి ఓ 10 ఆంపియర్లు తీసుకుంటే, ఇది 30, 40 కూడా దాటొచ్చు. ఇంట్లో లో వోల్టేజీ ఉన్నప్పుడు ఫ్యాను ఎలాగో తిరుగుతుంది గానీ బోరు మోటారు నీళ్ళెత్తదు చూడండి, అదే కథ. కారులో కరెంటు ఎక్కడ సరిపోకపోయినా మొదట అలిగేది స్టీరింగే.

అందుకని వోల్టులు కొలిచే మల్టీమీటర్ పట్టుకెళ్ళాను, కొత్తది కొన్నా కొన్ని వందల్లో వచ్చేస్తుంది. ఇంజిన్ ఆపి బ్యాటరీ మీద పెడితే 12.5 వోల్టులు. స్టార్ట్ చేస్తే 14కి కాస్త ఇటూ అటూ. అంటే బ్యాటరీలో ప్రాణం ఉంది, ఇంజిన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ దాన్ని ఛార్జ్ చేస్తోంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆగకండి. మీటరు ఒక పుల్లని బ్యాటరీ మైనస్ సీసం మొన మీద, రెండో పుల్లని ఆ మొనకి బిగించిన క్లాంపు మీద పెట్టాను. రెండూ ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి కదా, అంకె సున్నా దగ్గరే ఉండాలి. "పిన్నిగారూ, హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ చివరిదాకా తిప్పండి" అన్నాను మాస్టారి భార్యతో. ఆవిడ తిప్పారు. అంకె అర వోల్టు దాటి ఎగురుతోంది! అంటే ఆ రెంటి మధ్య కరెంటుకి ఏదో అడ్డుపడుతోంది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "ఇదేనంటావా?" అన్నారు.

ఇంజిన్ ఆపి క్లాంపు ఊడదీస్తే లోపలంతా తెల్లగా, అక్కడక్కడా పచ్చగా పొడి. పైనుంచి చూస్తే ఏమీ లేదు, శుభ్రంగానే ఉంది. వేడినీళ్ళలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగింది, కడిగి, తుడిచి, గరుకు కాగితంతో రెండు వైపులా మెరిసేలా రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త వాజలిన్ రాశాం. పిన్నిగారు మళ్ళీ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పారు, లైటు రాలేదు, మీటరు సున్నా దగ్గరే కూర్చుంది. మోటారుకి ఏ జబ్బూ లేదన్నమాట. అందరి కారుకీ ఇదే జబ్బు అనను, కానీ కాలమ్ మార్చమని ఎవరన్నా చెప్తే బ్యాటరీ టెర్మినళ్ళు, అంటే ఆ మొనల మీది క్లాంపులు, విప్పి చూశారా అని అడగండి. ముందు టెర్మినళ్ళు. ఆ తర్వాతే మిగతావి.

ఆయిల్ రకం వాళ్ళకి గబగబా రెండు ముక్కలు. డబ్బాలో ఆయిల్ గుర్తు కంటే తగ్గిందంటే ఎక్కడో కారుతోంది, రాత్రి కారు కింద అట్ట ముక్క పరిచి పొద్దున్న చూడండి. నురగ ఉంటే గాలి చొరబడింది. తిప్పినప్పుడు కీచుమంటే బెల్టు, మూలుగుతుంటే పంపో ఆయిలో. మూత మీద ఏ ఆయిల్ రాసుంటే అదే పోయాలి. బ్రేక్ ఆయిల్ మాత్రం చచ్చినా పోయకండి, లోపలి సీళ్ళన్నీ ఉబ్బి పాడవుతాయి.

బరువుగా ఉండటం వేరు, మధ్యలో పట్టేసి వదలడం, తిప్పాక వెనక్కి రాకపోవడం వేరు. అలా పట్టేస్తుంటే నడపొద్దు, టోయింగ్ బండిని పిలవండి.

శ్రీశైలం ఘాట్‌లోనో అరకు ఘాట్‌లోనో దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని ఇంజిన్ ఆపేసే మహానుభావులు ఇంకా ఉన్నారు. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ సాయం పోతుంది, బ్రేకు సాయం కూడా రెండు మూడు తొక్కుల్లో పోతుంది, పొరపాటున తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాకే పడిపోవచ్చు. పైగా ఇప్పటి ఇంజిన్లు గేర్‌లో దిగుతున్నప్పుడు ఇంధనం తమంతట తామే ఆపేస్తాయి, మీరు మిగిల్చేదేమీ లేదు.

టెర్మినళ్ళు మీరే విప్పుతానంటే ముందు మైనస్ తీయండి, బిగించేటప్పుడు మైనస్ చివర్న. బిగించాక కొన్ని కార్లలో స్టీరింగ్ లైటు వెలిగే ఉంటుంది, టెన్షన్ పడకండి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి తిప్పి కొంచెం దూరం నడిపితే ఆరిపోతుంది. గడియారం తప్పుతుంది, దిద్దుకోవాలి. దాచుకున్న రేడియో స్టేషన్లు కూడా చెరిగిపోవచ్చు, మళ్ళీ పెట్టుకునేటప్పుడు మమ్మల్ని మాత్రం మరిచిపోకండి.