పేలు చూసే తల్లి, మాయమైన కుర్చీ: పీటర్ డి హోక్ కాన్వాస్ ప్రింట్ రివ్యూ

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నాను, ఈ ప్రింట్ నేను కొన్నది కాదు. రివ్యూ చేయమని ఒక ప్రింటింగ్ కంపెనీ ఉచితంగా పంపింది. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. కాన్వాస్ మందం, ఇంకు, ధర అన్నీ వాళ్ల పేజీలో ఉన్నాయి, మీరు చూసే ఉంటారు. నేను నేరుగా బొమ్మలోకి వెళ్లిపోతాను.

ఇది పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు పీటర్ డి హోక్ వేసిన 'మదర్స్ డ్యూటీ'. 1660కి కాస్త అటూ ఇటూగా వేశాడు. అసలుది ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. ఎత్తు 52.5 సెంటీమీటర్లు, వెడల్పు 61. పెద్ద బొమ్మేం కాదు. ఒక తల్లి కూర్చుని, పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని పేలు చూస్తోంది. కథ అంతే. యుద్ధాలు లేవు, దేవతలు లేరు. మన ఇళ్లలో మధ్యాహ్నం పూట ఎన్నిసార్లు చూశాం ఈ సీన్! అందుకే నాకు ఈ బొమ్మంటే ప్రాణం.

ఇప్పుడు ఇటు చూడండి. ముందు గది నీడగా ఉంటుంది. గోడలోపలికి కట్టిన మంచం, దానికి తెర, పక్క వెచ్చగా ఉండటానికి నిప్పులు వేసి వాడే రాగి పాత్ర. తర్వాత మీ కన్ను ఆగదు, తెరిచి ఉన్న తలుపులోంచి వెనక గదిలోకి వెళ్లిపోతుంది. అక్కడ ఎండ. ఇటు వీపు పెట్టి కూర్చున్న చిన్న కుక్క కూడా అటే చూస్తోంది. ఇలా గదిలోంచి గదిలోకి చూపించడాన్ని డచ్ వాళ్లు దోర్‌కైక్యే అంటారు. ఇందులో డి హోక్‌ని కొట్టేవాడు లేడు. వాళ్ల నాన్న ఇటుక పని చేసే తాపీమేస్త్రి, అమ్మ మంత్రసాని. ఇటుకలు, పలకలు, తలుపు చట్రాలు ఇతను వేసినంత ప్రేమగా ఇంకొకరు వేయలేదని నా అభిప్రాయం. అదే కాలపు డచ్ చిత్రకారుడు, బాగా పేరున్న వెర్మీర్ ముందు ఇతని పేరు వినపడకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇక్కడ మొదటి సమస్య. ఈ బొమ్మలో నీడ అంటే నలుపు కాదు. గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు ఎన్నో రకాలుగా కలిసి ఉంటాయి. ప్రింట్‌లో కాంట్రాస్ట్ పెంచేశారు. ఎండ బాగా మెరుస్తోంది, నిజమే, కానీ మంచం లోపలంతా నల్లటి మూట అయిపోయింది. పైన మెరిసే గ్లాసీ కోటింగ్ కూడా వేశారు, ట్యూబ్‌లైట్ వేయగానే తల్లి ముఖం మీద తెల్ల గీత పడుతోంది.

సరే, దీన్నైనా సర్దుకుంటాను. నాకు కోపం వచ్చింది ఇదిగో, ఈ కుడివైపు కింది మూల చూసి. ఒరిజినల్‌లో అక్కడ చిన్నపిల్లలు ఒంటికీ రెంటికీ కూర్చునే చెక్క కుర్చీ ఉంటుంది. ఈ ఇంట్లో ఇంకా చిన్న బిడ్డ ఉందనో, ఈ పిల్లే మొన్నటిదాకా దాంట్లో కూర్చుందనో మనకి తెలిసేది ఆ కుర్చీ వల్లే. తల్లి రోజంతా చేసే చాకిరీ దాంతోనే అర్థమవుతుంది. గ్యాలరీ ర్యాప్ అని బొమ్మ అంచుల్ని ఫ్రేమ్ పక్కలకి మడిచేశారు. కుర్చీలో చాలా భాగం పక్కకి పోయింది! గోడకి తగిలిస్తే ఎదురుగా నిలబడినవాళ్లకి కనిపించేది ఓ ముక్క. డి హోక్ అంచు దాకా లెక్కేసుకుని వేశాడండీ. దాన్ని మడిచే హక్కు ఎవరిచ్చారు?

నా దగ్గర వెర్మీర్ 'మిల్క్‌మెయిడ్' ప్రింట్ ఒకటి చాలా ఏళ్లుగా ఉంది. అదే, పాలు వంపుతున్న పనమ్మాయి. మామూలు మ్యాట్ కాగితం, అంటే మెరవనిది, చుట్టూ తెల్ల అంచు. అందులో గోడకి కొట్టిన మేకు, దాని బుల్లి నీడ, పాత మేకులు పీకిన చిల్లులు కూడా తెలుస్తాయి. ఆ గోడ మీద వెర్మీర్ మొదట కూజాలు తగిలించే చెక్క కూడా గీసి, తర్వాత కప్పేశాడని 2022లో రైక్స్‌మ్యూజియం పరిశోధకులు చెప్పారు. అంత పెద్దది తీసేసి మేకుని మాత్రం ఉంచాడంటే, అది ఎంత ముఖ్యమో చూడండి. వంటింట్లో అన్నేళ్లున్నా ఆ ప్రింట్ మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు.

కాబట్టి ఈ కాన్వాస్ వద్దు. చెక్క ఫ్రేమ్ గట్టిగా ఉంది, ప్యాకింగ్ బాగుంది, అయినా వద్దు. రైక్స్‌మ్యూజియం సైట్‌లో ఈ బొమ్మ హై రిజల్యూషన్‌లో ఉచితంగా దొరుకుతుంది. డౌన్‌లోడ్ చేసుకుని, మంచి ప్రింటింగ్ షాపులో అసలు సైజుకే, మ్యాట్ కాగితం మీద, చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదిలి వేయించండి. బ్రైట్‌నెస్ పెంచొద్దని ముందే గట్టిగా చెప్పండి. ఇప్పటికే మీ ఇంట్లో గ్యాలరీ ర్యాప్ ప్రింట్ ఏదైనా ఉంటే, అసలు బొమ్మ ఫొటో ఫోన్‌లో తెరిచి పక్కన పెట్టి చూడండి. అంచుల్లో ఏం పోయిందో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను.