పొలమారితే నెత్తిన తట్టి ఊరుకోకండి

శ్రోతలందరికీ నమస్కారం. అన్నం తింటుంటే ఎవరికైనా పొలమారిందనుకోండి, మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? నెత్తి మీద రెండు తట్లు తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అని నవ్వేసి, గ్లాసుతో నీళ్ళిస్తాం. మామూలు మనిషికైతే పర్వాలేదు. పక్షవాతం వచ్చి వారం కూడా కాని మనిషికి మాత్రం ఆ గ్లాసు నీళ్ళే ప్రాణం మీదికి తేవచ్చు. నేను స్పీచ్ థెరపిస్టుని. మాటలు నేర్పించే ఆవిడకి మింగడంతో ఏం పని అని ఆసుపత్రిలోనే అడుగుతుంటారు. మాటకైనా ముద్దకైనా వాడేది అదే నాలుక, అదే గొంతు కదండీ.

ఒక్కసారి మీ గొంతుముడి మీద రెండు వేళ్ళు ఆనించి ఉమ్మి మింగండి. చటుక్కున పైకెక్కి దిగింది కదా? ఆ ఒక్క సెకనులో మీ ఊపిరి ఆగింది, ఊపిరి గొట్టం మూసుకుంది, దాని వెనకున్న ఆహారనాళం తెరుచుకుంది. పక్షవాతంలో, పార్కిన్సన్స్ జబ్బులో, గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ ఇచ్చాక ఈ వరస తప్పుతుంది. కొత్తగా పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి ఎంతో కొంత ఈ ఇబ్బంది ఉంటుంది, చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది కూడా. ఆ కొన్ని వారాలు దాటించడమే కష్టం.

దగ్గు వస్తే మంచిదే, లోపల కాపలా ఉన్నట్టు లెక్క. నాకు టెన్షన్ పెట్టేది దగ్గు రానివాళ్ళు. ఒక పెద్దాయన, ఇంట్లో పడుకోబెట్టే పెరుగన్నం పెడుతున్నారు, భార్య మెడకింద తువ్వాలు వేసి ఓపిగ్గా చెంచాతో పెడుతుంది, ఆయన కిమ్మనకుండా తింటాడు. రోజూ సాయంత్రానికి జ్వరం. దోమలన్నారు, నీళ్ళు మారాయన్నారు. నేను వెళ్ళి కూర్చోబెట్టి, చెంచాడు నీళ్ళు తాగించి "ఆ..." అనమంటే, గొంతు హుక్కాలో నీళ్ళు కదిలినట్టు గరగరలాడింది. ఆ శబ్దం వింటే అనుమానపడాల్సిందే.

అనుమానం తీరాలంటే లోపలికి చూడాలి. ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి మింగేటప్పుడు గొంతులో ఏం జరుగుతోందో చూడటం ఒక పద్ధతి. ఎక్స్‌రేలో కనబడే బేరియం అనే పదార్థం కలిపిన తిండి పెట్టి ఎక్స్‌రేలో వీడియో తీయడం ఇంకోటి. పెద్దాయనకి రెండోది చేశాం. నల్లటి సన్నని గీత ఒకటి ఊపిరి గొట్టంలోకి జారుతుంటే, ఆయన మాత్రం ప్రశాంతంగా మా వంక చూస్తున్నాడు, ఒక్క దగ్గు లేదు. జ్వరం ఎక్కణ్ణుంచి వస్తోందో అప్పుడు తెలిసింది.

ఇలాంటివాళ్ళకి అన్నిటికంటే కష్టమైనది ముద్ద కాదు, నీళ్ళు. పల్చటిది గబుక్కున జారిపోతుంది, గొంతు మూసుకునేలోపే. రసం అన్నం ఇంకా మోసం, మెతుకులు నోట్లో ఉండగానే రసం ముందు వెళ్ళిపోతుంది. అందుకే చిక్కగా చేసి ఇమ్మంటాం, ఎంత చిక్కగా అన్నది పరీక్ష చేసి చెబుతాం. జావ పెట్టేవాళ్ళకో మాట: ఎంగిలి చెంచా మళ్ళీ మళ్ళీ గిన్నెలో ముంచితే ఉమ్మికి ఆ గంజి విడిపోయి, చివరికొచ్చేసరికి జావ కాస్తా నీళ్ళవుతుంది. కొంచెం కొంచెం వేరే గిన్నెలోకి తీసుకుని పెట్టండి.

గడ్డం ఛాతీకి ఆనించి మింగడం, చచ్చుబడిన వైపుకి తల తిప్పి మింగడం, గట్టిగా బలం పెట్టి మింగడం, ఇలా చిట్కాలున్నాయి, కానీ అందరికీ అన్నీ పనికిరావు, చూసి నేర్పించాలి. అందరికీ పనికొచ్చేవి రెండే: నిటారుగా కూర్చోబెట్టి పెట్టడం, తిన్నాక ఓ అరగంట పడుకోనివ్వకపోవడం. అన్నట్టు నోరు శుభ్రం కూడా. పాచినోటి ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియాకి అది చాలు. తిండి పంపడానికి ముక్కులో గొట్టం వేస్తే చాలామంది ఇళ్ళల్లో ఏడుపులే, ఇక అయిపోయిందని. అది కొన్నాళ్ళకే వేసేది, అదీగాక గొట్టం ఉన్నా ఉమ్మి పోవడం ఆగదు, నోరు కడగాల్సిందే. మాత్రలు మాత్రం డాక్టరునడక్కుండా పొడి చేయకండి, కొన్ని అలా చేయకూడదు.

పెద్దాయనకి ఆరు వారాలు పట్టింది. మొదట తాగనిచ్చింది కాఫీ, అదీ చిక్కబరిచి. ఓ గుక్క మింగి, భార్య వైపు తిరిగి "ఇది కాఫీనా, పాయసమా?" అని విసుక్కున్నాడు. గొంతులో గరగర లేదు. ఆవిడ నా వంక చూసింది, నేను ఇంకో చెంచా ఇమ్మన్నాను.