అంచు పోతే చెరువు పోయినట్టే

అందరికీ నమస్కారం. గాలాలు పక్కన పెట్టి వచ్చారు, థ్యాంక్స్. సూటిగా విషయానికి వస్తాను.

మన చెరువు పక్కన షాపులు కట్టబోయేవాళ్లు చెప్పేది మీరూ వినే ఉంటారు: "చెరువు జోలికి మేం రావడం లేదండీ, పక్కనున్న ఖాళీ జాగాలోనే షాపులు, పార్కింగ్." వాళ్ల బొమ్మల్లో నీళ్లు నీలంగా మెరిసిపోతుంటాయి కూడా. ఇంతకీ ఆ ఖాళీ జాగా ఏది? మోకాలి లోతు నీళ్లు, తుంగ, బురద ఉండే అంచు. చాలా రకాల చేపలు గుడ్లు పెట్టేది అక్కడే, పిల్లలు పెద్ద చేపల నోట పడకుండా దాక్కునేది ఆ తుంగ మొదళ్లలోనే. దాన్ని పూడ్చి రాతి గోడ కట్టారనుకోండి, పైకి నీళ్లు అలాగే కనిపిస్తాయి, లోపల కొత్త పిల్లలు పుట్టడం తగ్గిపోతుంది, చివరికి బయటి నుంచి చేపపిల్లల్ని తెచ్చి వదలాలి. దాన్ని నేను చెరువు అనను, తొట్టి అంటాను.

ఇక పార్కింగ్. తారు మీద పడిన వాన ఇంకదు, ఎండకు కాలిన నేల వేడినీ బండ్ల నూనెనూ మోసుకుని నేరుగా చెరువులోకి దిగుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నరకి పడిపోతుంది. పైగా లాన్లకు వేసే ఎరువులోని భాస్వరం వచ్చి చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది, రాత్రి అదీ ఆక్సిజన్ తీసుకుంటుంది, చచ్చాక కుళ్లేటప్పుడు మిగిలింది కూడా లాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే చూసే ఉంటారు. అది ఊపిరాడక.

"ఇది తవ్విన చెరువే కదా, సహజమైంది కాదు కదా" అని ఒక వాదన. 1971లో ఇరాన్‌లోని రామ్‌సార్‌లో కుదిరిన చిత్తడి నేలల ఒప్పందం తన నిర్వచనంలోనే సహజమైనవాటితో పాటు మనిషి చేసినవాటినీ, ఏడాదంతా నీళ్లుండేవాటితో పాటు కొన్నాళ్లే ఉండేవాటినీ కలుపుకుంది. (ఆ పేరు చెప్పగానే మన చెరువుకు రక్షణ వచ్చేయదు, ఆశపడకండి. ఈ వాదనకు జవాబుగా పనికొస్తుంది, అంతే.)

"చెరువును కాపాడండి" అని బోర్డు పట్టుకుంటే లాభం లేదు, వాళ్లూ అదే అంటున్నారు కాబట్టి. మనం అడగాల్సింది గీత గురించి. చెరువు పూర్తిగా నిండితే నీరు ఎక్కడిదాకా వస్తుంది, అక్కడి నుంచి కట్టడం ఎంత దూరం, వాన నీరు తెచ్చే కాలువను ఏం చేస్తారు? ఈ కాలువ సంగతి మాత్రం వదలొద్దు, దాన్ని మూసేస్తే చెరువు మెల్లగా ఎండుతుంది, ఆ తర్వాత "ఎండిపోయిన చెరువే కదా" అని మిగిలింది కూడా పూడుస్తారు.

అభ్యంతరాలు ఎవరి మాటల్లో వాళ్లు రాయండి. ఒకే ఉత్తరం మీద వంద సంతకాలు పెడితే దాన్ని ఒక్క ఉత్తరంగా పక్కన పడేయడం తేలిక. అన్నట్టు, గట్టు మీద తెగిన నైలాన్ దారాలు, ప్లాస్టిక్ కవర్లు వదిలేసేది మనవాళ్లే, అవి ఫొటోల్లో పడితే అవతలి పక్షానికి పండగే. ముందు అవి ఏరేద్దాం. ఫోన్లలో చెరువు నిండుగా ఉన్నప్పటి పాత ఫొటోలు ఉంటే తేదీతో సహా బయటికి తీయండి. నీళ్లు ఏ చెట్టుదాకా, ఏ రాయిదాకా వచ్చాయో కనిపించేవి ముఖ్యం, చేపను ఎత్తిపట్టుకుని దిగినవైనా సరే, వెనకాల గట్టు కనిపిస్తే చాలు.