తడి ఆరని మూలకు చాప తుంగ

అందరికీ నమస్కారం.

బోరు పక్కన, గిన్నెలు తోమే చోట, ఏసీ గొట్టం కింద... ఏడాది పొడుగునా తడి ఆరని మూల చాలా ఇళ్లలో ఉంటుంది. అక్కడ మల్లె పెడతాం, కుళ్లిపోతుంది. చివరికి విసుగెత్తి సిమెంటు చేయిస్తాం. ఆ బురదే కావాలనే మొక్క మనకు ఎప్పటి నుంచో ఉంది. చాపలు అల్లే తుంగ.

తుంగ అనగానే రైతులు ఉలిక్కిపడతారు. వాళ్ల భయం సబబే. పొలాన్ని పీడించే తుంగకు వేళ్ల వెంట ముస్తెలు, అంటే నల్లటి చిన్న గడ్డలు, గొలుసుకట్టుగా ఉంటాయి. ఒక్కటి మిగిలినా మళ్లీ లేస్తుంది. అందుకని పిలకలు తెచ్చుకునే ముందు ఒకటి పీకి వేళ్లు చూడండి. ముస్తెల గొలుసు కనబడితే అక్కడే వదిలేయండి. చాప తుంగది బురదలో అడ్డంగా పాకే దుంపవేరు. కాలవ గట్టున తీసిన పిలకలైతే వేళ్లు బాగా కడగండి, గుర్రపుడెక్క ముక్కలు వాటితోపాటే వచ్చేస్తాయి. కొల్లేరు అభయారణ్యం, అక్కడి నుంచి పీకి తేవద్దు. ఇక జమ్ము జోలికి పోకండి. దాని దూది గింజలు గాలికి ఊరంతా తిరుగుతాయి.

ముందు చోటును పరీక్షించండి. అడుగు లోతు గుంట తీసి సాయంత్రం నీళ్లు నింపండి. తెల్లారికి ఇంకా నిలిచి ఉంటే తుంగకు అనువైన చోటే. పూర్తిగా ఇంకిపోతే వట్టివేరు పెట్టుకోవడం మేలు. ఎండ రోజుకు ఐదారు గంటలైనా పడాలి. నీడలో కాడలు సన్నబడి పడిపోతాయి.

దుంపవేరు పాకుతుంది కాబట్టి నేరుగా నేలలో వద్దు. అడుగున చిల్లులేని, అడుగున్నర వెడల్పు టబ్బును నేలలో పాతండి. అంచు నాలుగు వేళ్లు పైకి ఉండాలి. లోపల బంకమట్టి లేదా చెరువు మట్టి నింపండి. కొబ్బరి పొట్టు తేలిపోతుంది. పచ్చి పేడ అసలే వద్దు: గాలి ఆడని బురదలో అది కుళ్లి, కోడిగుడ్డు మురిగిన వాసన వచ్చి, వేళ్లు నల్లబడతాయి. మట్టి మట్టానికి సరిగ్గా పక్కన పెన్సిలు పట్టేంత బెజ్జం పెట్టండి. వాన నీళ్లు పోతాయి, బురద మిగులుతుంది. ఈ బెజ్జం దోమలు పెరగకుండా ఉండేందుకు. మన వేడికి గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

తొలకరి పడ్డాక, రెండు మూడు మొలకలున్న దుంప ముక్కల్ని రెండంగుళాల లోతున నాటండి. టబ్బుకు మూడు చాలు. పైకాడల్ని జానెడు ఉంచి కత్తిరించండి. కొత్త వేళ్లు పట్టేదాకా అంత ఆకుకు నీరందదు. జానెడు కంటే పొట్టిగా మాత్రం కోయకండి. వేళ్లకు గాలి కాడలోంచే దిగుతుంది. కోసిన కొన నీట మునిగితే దుంప ఊపిరాడక కుళ్లుతుంది. పెద్ద తుంగలు చచ్చేదీ చాలాసార్లు ఇందుకే, పెరడు మునిగి ఉన్నప్పుడు శుభ్రం చేద్దామని మొదలంటా కోస్తారు.

రెండేళ్లకోసారి టబ్బు కుమ్మరించి సగం తీసేయండి. తీసిన దుంపల్ని కాలవలో పారేయకుండా, సిమెంటు గచ్చు మీద పెళుసెక్కేదాకా ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి.