డల్లాస్ సభ నుంచి బడి గోడ దాకా: అమెరికాలో చర్చి ఓటు కథ

అందరికీ నమస్కారం.

అమెరికా ఎన్నికల మాట వస్తే మనం వీసాలు, గ్రీన్‌కార్డులు, పన్నులు మాట్లాడుకుని లేచిపోతాం. చర్చిల రాజకీయం మనకెందుకులే అనుకుంటాం. కానీ ఈ దేశంలో 45 ఏళ్లుగా ఎవరు గెలవాలో, ఏ చట్టాలు రావాలో తేల్చడంలో ఛాందస క్రైస్తవ ఓటుది చాలా పెద్ద చెయ్యి. ఆ ఓటు బలం దేశమంతటికీ కనిపించిన సభ మనం ఉంటున్న ఈ డల్లాస్‌లోనే జరిగింది. 1980 ఆగస్టులో రీయూనియన్ అరీనాలో వేలమంది పాస్టర్లు, చర్చి జనం ముందు అప్పటి రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రొనాల్డ్ రీగన్ నిలబడి, మీరు నన్ను బలపరచలేరని తెలుసు, నేను మాత్రం మిమ్మల్ని బలపరుస్తున్నాను అన్నారు. పన్ను మినహాయింపు ఉన్న చర్చిలు ఏ అభ్యర్థి తరఫునా ప్రచారం చేయకూడదని 1954 నుంచి చట్టం ఉంది, అందుకని ఆ మాట. ఆయన ప్రత్యర్థి, అప్పటి అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఎవరు? చర్చిలో సండే స్కూల్ పాఠాలు చెప్పే బాప్టిస్టు, అంటే ఈ చర్చిల మనిషే. మరి ఈ చర్చి జనం తమవాణ్ణి వదిలేసి, ఒకప్పటి హాలీవుడ్ నటుడైన రీగన్ వెంట ఎందుకు వెళ్లారు?

అబార్షన్ వల్ల అని అందరూ చెప్పే జవాబు. అది పూర్తి నిజం కాదు. 1971లో దక్షిణాదిలో పెద్ద చర్చి సంఘమైన సదరన్ బాప్టిస్టులే కొన్ని పరిస్థితుల్లో అబార్షన్‌కు చట్టం వీలు కల్పించాలని తీర్మానం చేశారు. 1973లో దేశమంతటా అబార్షన్ హక్కు ఇచ్చిన సుప్రీంకోర్టు రో తీర్పు వచ్చినప్పుడు, ఇక్కడి ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి పాస్టర్ డబ్ల్యూ.ఏ. క్రిస్వెల్ దాన్ని సమర్థించారు కూడా. అసలు కోపం బడుల మీద మొదలైంది. నల్లజాతి పిల్లలు తమ పిల్లల పక్కన కూర్చోకూడదని దక్షిణాదిలో తెల్లవాళ్లు ప్రైవేటు క్రిస్టియన్ బడులు పెట్టుకున్నారు. జాతి వివక్ష చూపే బడికి పన్ను మినహాయింపు లేదని 1971లో కోర్టు చెప్పింది, 1976లో సౌత్ కరొలైనాలోని బాబ్ జోన్స్ యూనివర్సిటీకి ఆ మినహాయింపు పోయింది, 1978లో కార్టర్ హయాంలో పన్నుల శాఖ నిబంధనలు ఇంకా బిగించబోయింది. చర్చిల్ని రాజకీయాల్లోకి లాగిన వ్యూహకర్త పాల్ వేరిక్ తర్వాత తన నోటితోనే ఒప్పుకున్నారు, తమవాళ్లను కదిలించింది ఈ బడుల గొడవేనని. 1979లో పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థ పెట్టే నాటికి పోరాటం జెండా మీద రాయడానికి అబార్షన్ దొరికింది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఆ తర్వాత నిజాయితీగా నమ్మి పనిచేసిన లక్షలమంది మామూలు విశ్వాసులకు ఈ మొదలు ఎవరూ చెప్పలేదు.

ఆ డల్లాస్ సభలోనే వేరిక్ ఇంకో మాట అన్నారు. అందరూ ఓటేయాలని నేను కోరుకోను, ఓటేసేవాళ్లు తగ్గేకొద్దీ మన పట్టు పెరుగుతుంది అని దాని సారాంశం. మొత్తం పద్ధతి అందులోనే ఉంది. ప్రైమరీలు (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు), స్కూల్ బోర్డులు, పార్టీ కౌంటీ కమిటీలు, అంటే జనం పట్టించుకోని ఎన్నికలు చూసి, అక్కడికి క్రమశిక్షణతో వెళ్లడం. 1988లో టీవీ పాస్టర్ పాట్ రాబర్ట్‌సన్ అయోవాలో జరిగిన రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి ఎంపిక పోటీలో అప్పటి ఉపాధ్యక్షుడు బుష్‌నే వెనక్కి నెట్టి రెండో స్థానంలో నిలిచారు. ఓడినా ఆయన క్రిస్టియన్ కోయలిషన్ అనే సంస్థ పెట్టి, ఏ అభ్యర్థి దేనికి ఏమన్నాడో కాగితం మీద వేసి చర్చిల్లో పంచారు. 2004 నవంబరులో 11 రాష్ట్రాల్లో స్వలింగ వివాహానికి వ్యతిరేకంగా ప్రతిపాదనలు జనం ఓటుకు పెడితే పదకొండూ నెగ్గాయి. 2016లో తెల్ల ఇవాంజెలికల్స్‌లో, అంటే ఈ ఛాందస క్రైస్తవుల్లో, ప్రతి పదిమందిలో ఎనిమిది మంది ట్రంప్‌కు వేశారు, ఆయన నియమించిన ముగ్గురు జడ్జిలతో 2022లో రో తీర్పు పోయింది. జనాభాలో వీళ్ల వాటా తగ్గుతూ వస్తున్న కాలంలో ఇంత జరిగిందంటే లెక్క ఎక్కడుందో మీకే అర్థమవుతుంది.

మన మధ్య క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి, వాళ్ల విశ్వాసం గురించి కాదు నా మాట. నల్లవాళ్ల చర్చిలు అదే బైబిల్ చదివి పౌరహక్కుల కోసం జైళ్లకు వెళ్లాయి. ప్రభుత్వానికీ మతానికీ మధ్య గోడ ఉందని 1802లో అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ రాసిన ఉత్తరం ఎవరికనుకున్నారు, కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులకే. ప్రభుత్వం తమ నమ్మకాల జోలికి రాకూడదని భయపడి ముందు రాసింది వాళ్లే.

కాన్సస్ సంగతి కూడా చెప్పాలి. రాష్ట్ర రాజ్యాంగంలో అబార్షన్ హక్కు లేదని రాసే సవరణను 2022 ఆగస్టు ప్రైమరీ రోజున పెట్టారు, మామూలుగా జనం రాని రోజు. ఈసారి తొమ్మిది లక్షలమందికి పైగా వచ్చారు. ట్రంప్ గెలిచిన రాష్ట్రంలోనే 59 శాతం మంది ఆ సవరణ వద్దన్నారు.

ఇక మన ఇంటి సంగతి. 2025లో టెక్సాస్ చట్టసభ ప్రతి పబ్లిక్ స్కూల్ తరగతి గదిలో బైబిల్లోని పది ఆజ్ఞల పోస్టర్ పెట్టాలని చట్టం చేసింది. హిందూ, ముస్లిం పిల్లలున్న కుటుంబాలతో పాటు క్రైస్తవ పాస్టర్లు కూడా కోర్టుకెక్కారు. ఫ్రిస్కోలో, ఇర్వింగ్‌లో ఆ గదుల్లో కూర్చునేది మన పిల్లలు. ఆ చట్టం చేసినవాళ్లలో చాలామంది సీటు తేలేది నవంబరులో కాదు, మార్చి ప్రైమరీలో. స్కూల్ బోర్డు ఎన్నికలు ఎక్కువ చోట్ల మే నెలలో వస్తాయి. సిటిజన్‌షిప్ వచ్చి కూడా ఇంకా ఓటరుగా నమోదు కానివాళ్లు ఇక్కడ ఉంటే, ఫారాలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టాం, వెళ్లేటప్పుడు తీసుకోండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.