వంతెన మీద తెగిపోయిన నాటకం

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఒక్కొక్కటే చదవను. చదివితే ఒకరిది తప్పకుండా మర్చిపోతాను, ఆ మర్చిపోయినవారు వచ్చే ఏడాది వార్షికోత్సవం దాకా గుర్తుపెట్టుకుంటారు. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

నన్ను పరిచయం చేసిన మాష్టారు పాపం చాలా శ్రద్ధగా చెప్పారు. నా పుట్టిల్లు ఏ ఊరో, మా మామగారు ఎవరో, మా ఆయన ఏ హోదాలో రిటైరయ్యారో, పిల్లలు ఏ దేశంలో ఉన్నారో, నా డిగ్రీ ఏమిటో. ఒక్క తప్పు లేదు. కానీ ఇదంతా విన్నాక, ఇప్పుడు మీలో ఎవరైనా నా పక్కన పది నిమిషాలు కూర్చోవాల్సి వస్తే నాతో ఏం మాట్లాడతారు? ఏమీ దొరకదు. "ఎండలు బాగా ముదిరాయండీ" అంటారు. విజయవాడలో ఆ మాట ఏ నెలలో అన్నా చెల్లుతుంది.

ఇందులో మాష్టారి తప్పేం లేదు. మనకు మనిషిని పరిచయం చేసుకునే పద్ధతే అది. నేను ఇరవై నాలుగేళ్లు గుంటూరు నుంచి విజయవాడకు ప్యాసింజరు బండిలో ఉద్యోగానికి వచ్చాను. బండి బుద్ధిగా నడిస్తే గంట. ఆ గంటలో ఎదుటి సీట్లో కొత్త మనిషి కూర్చుంటే ప్రశ్నలు ఏ వరసలో వస్తాయో నాకు కంఠతా వచ్చు. "ఎందాకా?" "ఏ ఊరు?" ఈ రెండూ పరవాలేదు. ఆడవాళ్లం కదా, తర్వాత "ఆయనేం చేస్తారు?", "పిల్లలెంతమంది?" నంబూరు వచ్చేసరికి ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే ఫలానా ఊళ్లో ఫలానావారు మీకేమవుతారు అని చుట్టు తిరిగి వస్తారు. అప్పటికీ తేలకపోతే ఇంక మొహమాటం లేదు, "మీరేమిట్లు?" మంగళగిరి వచ్చేలోపు తేలిపోవాలి, లేకపోతే వాళ్లకు ఊపిరాడదు. తేలాక రెండే దార్లు. "అయితే మనవాళ్లే!" అని టిఫిను డబ్బా మూత వస్తుంది. లేదంటే కిటికీలోంచి పొలాలు చూడటం మొదలవుతుంది.

నవ్వుతున్నారు. అందరం అడిగాం కాబట్టే నవ్వు వచ్చింది. నేనూ అడిగాను. అసలు ఆ సంగతి చెప్పడానికే వచ్చాను, ఆహ్వానం కార్డులో నా ప్రసంగానికి విషయంగా వేసిన "అపరిచితులతో సంభాషణ" అనే మాట నాకు సందు ఇచ్చింది, అంతే.

మంగళగిరిలో ఒకామె ఎక్కేది. పూల బుట్ట. ఆ చుట్టుపక్కల మల్లె తోటలు, కనకాంబరం తోటలు ఉన్నాయి కదా, పూలు కట్టి విజయవాడ వన్‌టౌన్‌లో మూర చొప్పున అమ్ముకునేది. ఆ బుట్ట మీద తడిగుడ్డ కప్పి ఉండేది, అది సరిగ్గా నా చీర కుచ్చిళ్ల మీద కారేది. రోజూ గొడవే. "జరపమ్మా" అంటే ఒక బెత్తెడు జరిపేది, బండి కదలగానే బుట్ట కూడా కదిలి మళ్లీ నా దగ్గరికే వచ్చేది. ఒకరోజు కాస్త స్నేహంగా ఉందామని నాకు బుద్ధి పుట్టి, నాకు తెలిసిన ఒక్కటే ప్రశ్న వేశాను. "మీరేమిట్లమ్మా?" అన్నాను. ఆమె నా మొహం వైపు చూసింది. జవాబు చెప్పలేదు. మర్నాటి నుంచి ఆ పెట్టెలోనే ఎక్కడం మానేసి వెనక పెట్టెలోకి వెళ్లిపోయింది. నా చీర పొడిగా ఉంది. అప్పుడు నేను ఏమనుకున్నానో తెలుసా? పీడా పోయింది అనుకున్నాను. అలాగే అనుకున్నాను, దాచడం ఎందుకు.

తర్వాత కొన్ని నెలలకు, 1991లో, ఒక ఆదివారం మధ్యాహ్నం. విజయవాడలో మా బంధువుల పెళ్లి, పట్టుచీర కట్టుకుని ఒక్కదాన్నే బండెక్కాను. మంగళగిరిలో ఆమె ఎక్కింది, సాయంత్రం బేరానికి రెండో విడత పూలు. బండంతా కిక్కిరిసి ఉంది, ఉన్న ఖాళీ నా ఎదురే. కూర్చుంది. ఇద్దరం చెరో కిటికీ చూస్తున్నాం. కూర్చున్న కాసేపటికి బుట్టలో చెయ్యి పెట్టి, తడిగుడ్డ కింద ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చిన్న ట్రాన్సిస్టరు తీసింది.

ఆ రేడియో ఎలా ఉండేదో చెప్పాలి. తోలు కవరు ఎప్పుడో పోయింది, వెనక మూత రబ్బరు బ్యాండుతో కట్టి ఉంది. డయలు మీద అంకెల అద్దంపై ఒకచోట ఎర్రగా గోళ్లరంగు చుక్క. ఆమెకు చదువు రాదు. ముల్లు ఆ చుక్క కిందికి వస్తే విజయవాడ. మనకు 837 కిలోహెర్ట్జ్, ఆమెకు ఎర్ర చుక్క.

నాటకం వస్తోంది. ఆదివారం మధ్యాహ్నం విజయవాడ కేంద్రం నాటకమంటే ఒకప్పుడు ఏమిటో ఈ హాల్లో తెల్లజుట్టువాళ్లకు చెప్పక్కర్లేదు. 1948 డిసెంబరు 1న మొదలైన స్టేషను అది. సంగీతకర్త బాలాంత్రపు రజనీకాంతరావు గారు పనిచేసిన చోటు, ఉషశ్రీ గారి గొంతు వచ్చిన చోటు. ఆదివారం పూట ఆయన ధర్మసందేహాలు చెబుతుంటే మా వీధిలో నడిచివెళ్తూ కూడా వాక్యం తెగకుండా వినొచ్చు, ప్రతి ఇంట్లోంచీ అదే గొంతు కదా! మా ఊళ్లో పంచాయతీ ఆఫీసు మీద రేడియో వినిపించే లౌడుస్పీకరు గొట్టం ఉండేది. మా ఇంట్లో రేడియో లేదు. రేడియో పెట్టుకోవాలంటే అప్పట్లో పోస్టాఫీసులో లైసెన్సు కూడా కట్టాలి. నేను ఆ గొట్టం కింద అరుగు మీద కూర్చుని నాటకాలు విన్న పిల్లని. సరే, ఎక్కడున్నాం. బండిలో.

ఆమె రేడియోని చెవి దగ్గర పెట్టుకోలేదు, కిటికీ చువ్వలకు ఆనించి పట్టుకుంది. బండి వంపు తిరిగినప్పుడల్లా రేడియోని కొంచెం కొంచెం తిప్పుతోంది. నాకు అర్థం కాలేదు, తర్వాత తెలుసుకున్నాను. సెట్టు లోపల నల్ల కడ్డీ ఒకటి ఉంటుంది, దానికి తీగ చుట్టి ఉంటుంది, మీడియం వేవ్‌కి అదే యాంటెన్నా. కడ్డీ కొన స్టేషను వైపు తిరిగితే సౌండు తగ్గుతుంది, అడ్డంగా తిరిగితే పెరుగుతుంది. ఆమెకు ఇదంతా ఎవరూ చెప్పలేదు. చేతికి తెలుసు. ఇనప పెట్టె లోపలికి సరిగా రాదని కూడా తెలుసు కాబట్టే కిటికీ దగ్గర.

నాటకంలో కథ ఇది. ఒక ముసలమ్మకు కొడుకు దగ్గర్నుంచి ఉత్తరం వస్తుంది. చదువు రాదు. చదివిపెట్టమని ఇంటింటికీ తిరుగుతుంది. ఒకరికి తీరిక లేదు, ఒకరికి కళ్లజోడు లేదు, ఒకరు సగం చదివి లేచి వెళ్లిపోతారు. చివరికి స్కూలు మాష్టారి అరుగు మీద కూర్చుంటుంది. మాష్టారు ఉత్తరం విప్పుతాడు. చదువుకుంటాడు. ఏమీ మాట్లాడడు. ముసలమ్మ, "చెప్పు బాబూ, ఏం రాశాడు?" అంటుంది...

బండి కృష్ణా కెనాల్ స్టేషను దాటి వంతెన ఎక్కింది. చుట్టూ ఇనప దూలాలు. గర్ర్ గర్ర్.

ఆ గరగరలో ఇద్దరం ఒక్కసారే "అయ్యో!" అన్నాం. ఆమె రేడియోని ఇటు తిప్పింది, అటు తిప్పింది, చెయ్యి బయటికి చాపింది, నేను ఆమె భుజం పట్టుకుని "పడిపోతుంది జాగ్రత్త" అంటున్నాను. కింద కృష్ణ. జనం పైసలు విసురుతున్నారు. వంతెన అయ్యి బండి స్టేషను బయట కాసేపు ఆగేసరికి వీణ వస్తోంది. నాటకం అయిపోయింది.

నేను ఉండబట్టలేక అన్నాను, "ఏం రాసి ఉంటాడంటావు? డబ్బు పంపిస్తున్నానని రాసి ఉంటాడు, ముసలామె కష్టాలు గట్టెక్కుతాయి."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఉత్తరంలో ఏముంటే ఏంటి అక్కా. ఆ మేష్టారు ఉన్నది చదవడు. అబద్ధం చెప్తాడు."

"ఏమని?"

"బాగానే ఉన్నాడంట అని."

అమ్మగారూ పోయి అక్కా వచ్చింది, ఆ క్షణంలో నేను గమనించలేదు. గమనించింది ఏమిటంటే, నేను ఎమ్మే తెలుగు చదివాను, నాకు మనీయార్డరు తట్టింది. ఆమెకు ఇది తట్టింది.

మరుసటి వారం నుంచి మళ్లీ మా పెట్టెలోనే. ఒకరోజు ఆమే అడిగింది. "నీకు దేనిమీద పిచ్చి అక్కా?" ఇరవై నాలుగేళ్లలో బండిలో నన్ను ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. నాకు జవాబు రాలేదండీ. మంగళగిరి నుంచి కృష్ణా కెనాల్ దాకా ఆలోచించాను. పెళ్లయ్యాక ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు. చివరికి, కొంచెం సిగ్గుగానే, "ముగ్గులు" అన్నాను. మెలికల ముగ్గులు. నవ్వుతుందేమో అనుకున్నాను. ఆమె ముందుకు వంగి, "చుక్కలు లెక్కపెట్టి వేస్తావా, చెయ్యి పోయినట్టు వేస్తావా?" అంది. ఎంత సరైన ప్రశ్న! ముగ్గు తెలిసినవాళ్లు తప్ప అడగలేరు. చుక్కలు లెక్కే, మెలిక మాత్రం చేతిదే అన్నాను. ఆమె బుట్టలోంచి నార తీసింది. రెండు మొగ్గలు ఇటు, రెండు మొగ్గలు అటు, బొటనవేలితో నొక్కిపట్టి అరటినార ఒక మెలిక వేసి లాగింది. "నాదీ మెలికే" అంది. నా రెండు వేళ్ల మధ్య పిండి జారే తీరు, ఆమె రెండు వేళ్ల మధ్య నార తిరిగే తీరు ఒకటే. ఆ రోజు నా చీర మీద నీళ్లు కారుతున్నాయో లేదో నాకు తెలియదు.

నాటకం చివర ఏమైందో స్టేషనుకు కార్డు రాసి కనుక్కోవచ్చు కదా అని మా ఆయన అన్నారు. వద్దన్నాను. తేలిపోతే రేపు బండిలో మేమేం మాట్లాడుకోవాలి? ఏళ్ల తరబడి ఆ ఉత్తరంలో ఏముందో మార్చి మార్చి చెప్పుకున్నాం.

ఇక్కడ ఒక మాట. ప్రతివాడూ ఇలా తెరుచుకుంటాడని చెప్పడం లేదు. 2014 తర్వాత రాజధాని ఇక్కడే అన్నాక మా బండిలో ఒకటే మాట, గజం ఎంత. తుళ్లూరులో ఎంత, మంగళగిరి రోడ్డు మీద ఎంత. దాన్ని ఇష్టం అనరు, దాన్ని లెక్క అంటారు. అమ్మేవాడు, కొనేవాడు, కొననందుకు ఏడ్చేవాడు, ముగ్గురూ ఒకే మాట మాట్లాడేవారు గానీ ఒకరి మాట ఒకరు వినేవారు కాదు. పార్టీల సంగతి అసలే ఎత్తను, ఇది గ్రంథాలయం.

పిచ్చి వేరు. పిచ్చి ఉన్నవాడు చెప్పేది లాభం కోసం కాదు. మా గుంటూరు మిర్చి యార్డులో ఒకసారి పచ్చడి కోసం కాయలు కొనాలని తెలిసినవారితో వెళ్లాను. లోపలికి అడుగుపెడితే తుమ్ములే తుమ్ములు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠాలో ఒక పెద్దాయన నా తుమ్ములు చూసి నవ్వి, ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఊపాడు. "గింజ గలగలమంటోందా? ఎండింది. మాట్లాడకపోతే తేమ ఉన్నట్టు" అన్నాడు. తర్వాత అరగంట. తేజ ఎందుకు అంత మంట, బాడిగ ఎందుకు మంట తక్కువైనా రంగు ఎక్కువ, తెల్లబారిన తాలుకాయ ఎందుకు వేరుగా పోస్తారు. నేను ఆయనకు ఒక్క ప్రశ్నే వేశాను, "మీ ఇంట్లో కారానికి ఏ కాయ వాడతారు?" అని. ఆయన మొహం వెలిగిపోయింది. ఎవరూ అడగలేదట, అందరూ ఈ రోజు రేటెంత అనే అడుగుతారట. ఇంతకీ ఆయన జవాబు, "రెండూ కలిపి". నేనూ ఇప్పుడు అలాగే కొడతాను.

అధ్యక్షులు చీటీ పంపారు. "సమయం" అని రాశారు, కింద రెండు గీతలు. సరే. రాసుకొచ్చిన నాలుగు పేజీల్లో ఒకటే అయ్యింది, మిగతావి మడిచి సంచిలో పెడుతున్నాను.

చివరగా ఒకటి. మీటింగు ఐదున్నరకని వేశారు, నేను గుంటూరు మనిషిని, ఐదుకే వచ్చాను. హాల్లో నేనూ, మైకుసెట్టు అబ్బాయీ ఇద్దరమే. అదిగో, ఆ తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. ఊరూ పేరూ ఏదీ అడగలేదు. ఆ మూల పాత గొట్టం ఎందుకు తెచ్చావు బాబూ, ఈ రోజుల్లో ఎవరు వాడుతున్నారు అన్నాను. అంతే. వాళ్ల నాన్న నుంచి వచ్చిన గొట్టాలట, అమ్మబుద్ధి కాదట, ఇంట్లో ఉన్నవన్నీ తుడిచి నూనె రాసి పెడతాడట. చూడటానికి మూరెడే గానీ, శబ్దం ముందు లోపలికి వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ బయటికి వస్తుందట. పొడవాటి దారిని మడతపెట్టి అంతలోనే ఇరికించారన్నమాట. అందుకే చిన్న యూనిట్‌తో ఊరంతా వినిపించేది. మా పంచాయతీ ఆఫీసు మీద ఉన్నది అదే! దాని కింద చిన్నప్పుడంతా కూర్చున్నాను, లోపల అన్ని మడతలు ఉన్నాయని నాకు ఈ సాయంత్రం ఐదూ పదికి తెలిసింది.

మైకు ఆపేయమని అధ్యక్షులు ఆ అబ్బాయికి సైగ చేస్తున్నారు, నాకు కనిపిస్తోంది. అతనేమో నా వైపు చెయ్యి ఊపి, చెప్పండి చెప్పండి అంటున్నాడు. నేను చెప్పేది అయిపోయింది, నాకు ఏడున్నర బండి ఉంది. బాబూ, నువ్వే రా ఇటు. ఆ గొట్టం కూడా పట్టుకురా.